చెరువు వైపు కిటికీ

పొద్దుటి నుంచి ఇది మూడో ఇల్లు. కాళ్లు పీకుతున్నాయి. పటాన్‌చెరు నుంచి బస్సులో నిలబడి వచ్చిన నడుం ఇంకా తిన్నగా కాలేదు. మొదటి ఇంటివాళ్లు మాంసం వండొద్దన్నారు. రెండోది నాలుగో అంతస్తు. మా సుమిత్రేమో నాలుగు మెట్లెక్కితే ఆగి రొప్పే పిల్ల. మా ఆయన సంగయ్యకు ఏది చూపించినా "మంచిగనే ఉన్నది" అనడం తప్ప ఇంకో మాట రాదు. ఆయనకేం, పట్నంలో గోడౌన్ పని దొరికింది, ఎక్కడైనా తిని పడుకుంటాడు.

నాకు కావలసింది ఒక్కటే. పటాన్‌చెరు అవతల గడ్డపోతారంలో మా ఇంటి వెనకే మందుల కంపెనీ. ఏడేళ్ల పిల్ల ఆయాసంతో పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చుంటుంది. "ఆ వాసనలోంచి తీసుకుపోండి, లేకపోతే నా మందులు దండగ" అని డాక్టరు మొహం మీదే చెప్పాడు. అందుకే ఇల్లు ఇరుకైనా సరే, నీళ్లు సరిగా రాకపోయినా సరే, వాసన మాత్రం ఉండకూడదు.

ఈ ఇల్లు చెరువు ఒడ్డున. ఇంటావిడ అరుణాదేవి కిటికీ రెక్కలు తెరిచింది. కిందే నీళ్లు, ఎండకు మెరుస్తూ. గాలి తగిలి చెమట ఆరింది, ప్రాణం లేచొచ్చింది. ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. జలుబేమో అనుకున్నాను.

గాలి మంచిదో కాదో చూడ్డానికి మా వైపు ఒక పద్ధతి ఉంది. రెప్ప వేయకుండా గాలికి ఎదురు నిలబడాలి. కళ్లు మండాయంటే కంపెనీ వాళ్లు గ్యాసు వదిలారని. వాసన అంటే మాకు అదే. ముగ్గురం కిటికీ దగ్గర అలాగే నిలబడ్డాం.

"మండుతలేవు," అన్నాడు సంగయ్య.

"నీకో బిడ్డా?"

"లేదమ్మా. ఏం వాసన లేదు. మంచిగున్నది."

"ఇగ గిదే తీసుకుందాం," అన్నాను. ఇంకో ఇంటి గడప తొక్కే ఓపిక నాకు లేదు. కిరాయి మాట్లాడదామని తిరిగేసరికి ఇంటావిడ మమ్మల్ని వింతగా చూస్తోంది.

"తర్వాత నన్ను తిట్టుకోవద్దు, ముందే చెప్తున్నా," అంది కొంగులోంచే. "ఈ కంపు పడలేక ఇదివరకటి వాళ్లు నెల తిరక్కుండా ఖాళీ చేశారు. ఊరి మురుగంతా ఈ చెరువులోకే. అసలు మీరు ఇంతసేపు అక్కడ ఎలా నిలబడ్డారు?"

సంగయ్య గట్టిగా గాలి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. "నాకేం వస్తలేదు. నీకొస్తున్నదా?"

నేనూ పీల్చాను. ఏమీ లేదు. పిల్ల వైపు చూశాను. అది ఊచల మధ్య మొహం పెట్టి, నోరు తెరిచి హాయిగా గాలి మింగుతోంది. ఆ కంపెనీ గ్యాసుకు నా ముక్కు పోతే పోయింది, ఆయనది పోతే పోయింది. దానికి ఏడేళ్లు. పుట్టాక ఒక్కనాడైనా దానికి వాసన తెలిసిందో లేదో, నేను ఎన్నడూ అడగలేదు.

పిల్లను ఇవతలికి లాగి కిటికీ మూశాను. గడప దాటుతుంటే సంగయ్య మెల్లగా అడిగాడు.

"ఇగ ఇల్లు ఎట్ల చూస్తమే?"

"జోగిపేట నుంచి మా మొగులమ్మక్కను పిలిపిస్త," అన్నాను. "దానికింకా ముక్కున్నది."