కప్పని శాలువా

పెద్దాపురం దగ్గరి ఒక హైస్కూల్లో టెన్త్ పూర్తిచేసి ముప్ఫై ఏళ్లయిందని పాత బ్యాచ్ వాళ్లు వాట్సాప్ గ్రూపు పెట్టి, ఇంగ్లీషు చెప్పిన గోపాలకృష్ణమూర్తి మాస్టారికి సన్మానం తలపెట్టారు. శాలువా కప్పే పని శ్యాంబాబుకి అప్పగించారు. అతనిప్పుడు తునిలో ఇంగ్లీషు లెక్చరరు మరి. మాస్టారి దెబ్బల వల్లే బాగుపడ్డాడని గ్రూపులో అందరూ తేల్చేశారు. దెబ్బలు తిన్నవాడిని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ దెబ్బల సంగతి ఇదీ. తొమ్మిదో తరగతిలో మాస్టారు 'రిమోర్స్' అంటే చేసిన తప్పుకి కలిగే బాధ అని చెప్పి, దాని లాటిన్ మూలం ఎవరికైనా తెలుసా అని గొప్పకి అడిగారు. శ్యాంబాబు లేచి, "మళ్ళీ కరవడం అండి" అన్నాడు. పాస్టరు గారింట్లో పాత డిక్షనరీలో చదివిన ముక్క అది. క్లాసంతా గొల్లుమంది. వెటకారమాడుతున్నాడనుకుని మాస్టారు బెత్తం విరిగేదాకా బాదారు. "మీ పేటవాళ్లకి లాటినెందుకురా, పొలంలోకి పో" అన్నారు. ఆ వానాకాలమంతా శ్యాంబాబు బడికి రాకుండా నాట్లలోనే ఉన్నాడు.

ఇన్నేళ్లకి అతనికి కావలసింది, తప్పయిందిరా అన్న ఒక్క మాట. అది వింటే చాలు, మనస్ఫూర్తిగా కప్పి వద్దామనే వచ్చాడు. స్టేజీ మీద శాలువా పట్టుకుని మైకు అందుకున్నాడు.

"మాస్టారూ, రిమోర్స్‌కి లాటిన్ మూలం చెబుతారా అండి?"

పెద్దాయన హుషారయ్యారు. "రె అంటే మళ్ళీ. మోర్దేరె అంటే కరవడం. చేసిన తప్పు మనిషిని లోపల మళ్ళీ మళ్ళీ కరుస్తుందని."

"మీకిది ఎప్పుడు తెలిసిందండి?"

మాస్టారి నవ్వు ఆగిపోయింది. అబద్ధం మాత్రం ఆడలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. "నిన్ను కొట్టిన సాయంత్రమే. ఇంటికెళ్లి చూశాను."

"మర్నాడు క్లాసులో చెప్పలేదేంటండి?"

"చెబితే పిల్లల ముందు నా మర్యాద ఏం కానురా?"

శ్యాంబాబు కోపంగా ఒక అడుగు ముందుకేశాడు. "ఇన్నేళ్లలో ఒక్కసారన్నా కరిచిందా అండి?"

మాస్టారు ఫొటోగ్రాఫరు వైపు తిరిగి కండువా సర్దుకున్నారు. "అవన్నీ ఇప్పుడెందుకురా. శాలువా కప్పు, ఫొటో తీస్తాడు."

శ్యాంబాబు శాలువాని మడత విప్పకుండానే మళ్ళీ కవర్లో పెట్టాడు. సభ నడుపుతున్న బుజ్జిబాబు అతని చెయ్యి పట్టుకుని, "పెద్దాయన్రా, పోనీలే" అని గొణిగాడు.

"ఆయన్ని కరవనే లేదురా. ఇన్నాళ్లూ నన్నే కరిచింది" అని, కవరు అతని చేతిలో పెట్టి శ్యాంబాబు స్టేజీ దిగిపోయాడు.