రిబ్బను కట్టిన పళ్ళబుట్ట

గోడ మీది బోర్డు తుడుస్తుంటే సుధారాణికి ఒళ్ళు మండింది. 'మనమంతా ఒకే కుటుంబం' అని ఉంది దాని మీద. కిరండూల్‌లో పొద్దున తుడిచిందాని మీద మధ్యాహ్నానికల్లా ఇనుపగనుల ఎర్రదుమ్ము పడుతుంది, అది ఆమెకు అలవాటే. మంట దుమ్ము మీద కాదు, ఆ అక్షరాల మీద. అవి రాయించింది యజమాని పైడిరాజు. రంగులు ఎంచిపెట్టింది మాత్రం సుధారాణే.

ఎనిమిదేళ్ళ కింద ఈ ఆఫీసు ఫ్లెక్సీలు కొట్టే ఒంటిగది దుకాణం. సుధారాణి అందులో మొదటి ఉద్యోగి. ఇప్పుడది ఇరవై మంది పనిచేసే మార్కెటింగ్ ఏజెన్సీ. బస్తర్ సంతల్లో ఎవరి సబ్బు అమ్ముడుపోవాలన్నా, ఎవరి విత్తనాల గురించి చాటాలన్నా మైకు కట్టిన వీళ్ళ వ్యాను వెళ్ళాల్సిందే. ఏజెన్సీ పెరిగినకొద్దీ పైడిరాజుకు ఆఫీసు వాతావరణం బాగుచేసే పిచ్చి పట్టుకుంది. ఫోన్లో ఏవో వీడియోలు చూసి మెత్తటి సంచీ కుర్చీలు కొన్నాడు. ప్రతి శుక్రవారం సాయంత్రం అందరూ గుండ్రంగా నిలబడి ఐదు నిమిషాలు నవ్వాలన్నాడు. నవ్వనివాళ్ళు ఎందుకు నవ్వలేదో అందరి ముందూ చెప్పుకోవాలి. పైగా తనను సార్ అనకూడదట, అన్నయ్యా అనాలట. అన్నయ్యట, అన్నయ్య! ఏ అన్నయ్య బాత్‌రూముకు తాళం వేసి చాబీ జేబులో పెట్టుకు తిరుగుతాడు?

ఇతగాడు నిజంగానే పెట్టుకు తిరిగాడు. ఆఫీసులో ఉన్న ఒక్క బాత్‌రూమూ క్లయింట్లకేనట. టౌన్‌షిప్ క్వార్టర్లలో ఉండే ఆడవాళ్ళు అవసరమైతే ఇంటికి పరుగెత్తి వస్తారు. సంతలు తిరిగే వ్యానులోని ఆడమనిషికి ఆ వీలు కూడా లేదు.

ఆ ఆడమనిషి హుంగే. కొంటా దగ్గరి పల్లెపిల్ల, ఇరవై నాలుగేళ్ళు. గోండీ, హల్బీ, తెలుగు, హిందీ, నాలుగు భాషల్లోనూ మైకు అందుకుందంటే బేరాలాడేవాళ్ళు కూడా ఆగి వినాల్సిందే. వ్యానుకు జీపీఎస్ బిగించారు. దారిలో ఐదు నిమిషాలు ఆగితే చాలు, ఆఫీసు నుంచి "బండెందుకు ఆగింది?" అని డ్రైవరుకు ఫోను వెళుతుంది. ఆ ఫోను చేసేది సుధారాణే. డ్రైవరు ఏం చెప్పాలో తెలీక హుంగే వైపు చూస్తాడు, ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోతుంది. దాంతో పొద్దున బండెక్కింది మొదలు పొద్దుగూకేదాకా గుక్కెడు నీళ్ళు తాగడం మానేసింది. ఎండాకాలం రెండు నెలలు అలాగే నెట్టుకొచ్చింది. చివరికి మూత్రంలో చీము పట్టి, నూట మూడు జ్వరంతో నాలుగు రోజులు ఆస్పత్రిలో పడింది.

పైడిరాజు చూడ్డానికి వెళ్ళాడు. ఉత్త చేతుల్తో వెళతాడా మరి! గులాబీరంగు రిబ్బను కట్టిన పెద్ద పళ్ళబుట్ట పట్టుకెళ్ళి, మంచం పక్కన నిలబడి దిగులు ముఖం పెట్టాడు. ఫోటో తీసింది సుధారాణి. 'మా చెల్లి త్వరగా కోలుకోవాలి' అని అక్కడికక్కడే కంపెనీ పేజీలో పెట్టుకున్నాడు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"సుధా, ఆ బుట్ట తెచ్చీ. ఇక్కడుంటే ఈగలు ముసిరిపోతాయి."

వేళాకోళం అనుకుందామె. కాదు. హుంగే చేతికి సెలైన్ ఎక్కుతోంది, కళ్ళు మాత్రం బుట్ట మీదే ఉన్నాయి. ఆ కళ్ళ ముందే సుధారాణి బుట్ట ఎత్తుకుని బయటికి నడిచింది. ఛీ, ఏం బతుకు! సోమవారం మీటింగులో ఆ బుట్టలోని ఆపిళ్ళే కోసి అందరికీ పంచారు. అందరూ తింటున్నారని తనూ రెండు ముక్కలు నోట్లో వేసుకుంది. 'ఆరోగ్యకరమైన ఆఫీసు' అంటూ దానికీ ఒక ఫోటో పేజీలోకెక్కింది. గులాబీ రిబ్బనూ, దాని పక్కనే ముక్క కొరుకుతున్న సుధారాణీ అందులో చక్కగా పడ్డారు. అప్పట్నించీ ఆమె ఆపిల్ ముట్టలేదు.

పనిలోకి తిరిగొచ్చిన రోజు హుంగే ఒక్కటే అడిగింది. "రూటుకు రెండు తావుల బండి ఆపమను దీదీ. నీళ్ళు మస్తుగ తాగాల్నట. మళ్ళొకసారి ఇట్లయితే కిడ్నీ ఖరాబైతదని డాక్టర్ చెప్పిండు."

"రాయ్‌పూర్ వాళ్ళు వచ్చి వెళ్ళనీ, చూద్దాం," అని తప్పించుకుంది సుధారాణి.

ఆ రాయ్‌పూర్ వాళ్ళు ఇవాళ వస్తున్నారు. ఒక సబ్బుల కంపెనీ బస్తర్ సంతలన్నీ రెండేళ్ళపాటు ఈ ఏజెన్సీకే ఇవ్వాలనుకుంటోంది. సంతలు తిరిగే పనివాళ్ళను ఎలా చూసుకుంటున్నారో వాళ్ళ నోటే విన్నాకే సంతకం పెడతామంది. వినడానికి వస్తున్న ఆఫీసరు పేరు రాధ, తెలుగు ముక్క రాదు.

"ఇదిగో సుధా," అన్నాడు పైడిరాజు, జుట్టు దువ్వుకుంటూ. "హుంగేకి హిందీ రాదని మేడమ్‌తో చెప్పేశాను. దానికీ చెప్పాను, అది తెలుగులోనే మాటాడతాది, నువ్వు హిందీలో చెప్పు."

"హిందీ రాదా? రోజూ మైకులో..."

"ఆ సంగతి మేడమ్‌కేటి తెలుసు? ఆ గుంట ఏటి కూసినా నువ్వు మంచిగా తిప్పి చెప్పు. తేడా వచ్చిందో, రేపట్నించి దాన్ని బండెక్కనివ్వను. ఆలోచించుకో."

సుధారాణి ఆలోచించుకుంది. బాగుందని చెబితే హుంగే ఉద్యోగం నిలుస్తుంది, ఆ నీళ్ళులేని బండి కూడా అలాగే నడుస్తుంది. ఉన్నది చెబితే ఆ పిల్లతోపాటు తనూ రోడ్డున పడుతుంది. ఎటు తిరిగినా రోతగానే ఉంది.

రాధ వచ్చి కూర్చుంది. బల్ల మీద బిస్కెట్లు, మూత తీయని నీళ్ళసీసా పెట్టారు. హుంగే ఎదుటి కుర్చీలో ఒద్దికగా కూర్చుంది. పైడిరాజు పక్కనే నిలబడి శుక్రవారం నవ్వు నవ్వుతున్నాడు.

"ఇక్కడ నీకు ఏమైనా ఇబ్బంది ఉందా అమ్మా?" అని రాధ హిందీలో అడిగింది. హుంగేకు అర్థమైందని తెలిసి కూడా సుధారాణి దాన్ని తెలుగులో చెప్పింది. తన గొంతు తనకే అసహ్యం పుట్టించింది.

హుంగే తెలుగులోనే ఎదురడిగింది.

"నన్నెందుకు అడుగుతున్నవ్ దీదీ? నేనేం చెప్పినా నువ్వు చెప్పేదే చెప్తవ్. జ్వరంల నాకు తెచ్చిన పండ్లు నా ముంగటనే ఎత్కపోయి తిన్నవ్. ఇగ నా మాట మింగుడు నీకేం కష్టం?"

"ఖుష్ హై మేడమ్, బహుత్ ఖుష్!" అన్నాడు పైడిరాజు, అవకాశం ఇవ్వకుండా. "చెప్పు సుధా, చెప్పు."

సుధారాణి నోట్లోకి ఆ రెండు ముక్కల తీపి మళ్ళీ వచ్చినట్టయింది. ఉమ్మేయాలనిపించింది. రాధ వైపు తిరిగి, హుంగే అన్నది అన్నట్టే హిందీలో చెప్పింది. ఒక్క మాట వదల్లేదు, ఒక్క మాట మెత్తబరచలేదు. "ఆ పళ్ళు తిన్నది నేనే మేడమ్," అని కలిపింది. "బండి ఆగితే ఫోను చేసేదీ నేనే. ఆ ఫోనుకు జడిసి ఈ పిల్ల రెండు నెలలు నీళ్ళు మానేసి ఆస్పత్రి పాలైంది."

రాధ కలం ఆగిపోయింది.

"సుధా! మతి పోయిందేటి నీకు?" అని అరిచి, వెంటనే నవ్వు తెచ్చిపెట్టుకుని రాధతో హిందీ అందుకున్నాడు పైడిరాజు. "తర్జుమా తప్పు మేడమ్. ఆ పిల్ల అన్నది వేరు, ఈవిడ చెప్పేది వేరు. దీనికేమో హిందీ రాదు."

హుంగే లేచి నిలబడింది. రాధ కోసం పెట్టిన సీసా మూత తిప్పి, గటగటా తాగసాగింది. సగంలో ఆగి ఊపిరి తీసుకుని మిగతాదీ తాగేసి, ఖాళీ సీసా బల్ల మీద పెట్టి కొంగుతో మూతి తుడుచుకుంది.

"తర్జుమాలో తప్పేమీ లేదు మేడమ్," అంది, సంతంతా వినిపించే ఆ మైకు గొంతుతో, తడబాటు లేని హిందీలో.

తర్వాత పైడిరాజు వైపు తిరిగి చెయ్యి చాపింది. అన్నయ్యా అనలేదు.

"సార్, బాత్‌రూము చాబీ ఇవ్వండి."