గాజు పలక వెనక గరగర

ఆ స్టూడియోలో గోడలకు స్పాంజి, తలుపుకు రబ్బరు, నేలకు తివాచీ, మనుషులకు మౌనం. కథల పుస్తకాలు చదివించి, రికార్డు చేసి, ఫోన్లలో వినేవాళ్లకు అమ్మడం అక్కడి వ్యాపారం. చదివే ఆవిడను అందరూ గొంతమ్మ అంటారు. నలభై దాటిన మనిషి. ఇంట్లో ఆవిడ "పాలు పొంగుతున్నాయి" అంటే పక్కింటివాళ్లు తమ స్టవ్ కట్టేసుకుంటారు. ఆవిడకు కూడు పెట్టేది నోరే. అలాంటి నోరు ఒక్క మాట దగ్గర పెగలక ఇంత కథ అయింది.

గాజు పలకకు ఇవతల, మీటల బల్ల ముందు కూర్చునేది రికార్డిస్టు బాబాయి. అసలు ఎవరికి బాబాయో తెలియదు గానీ అందరికీ బాబాయే. ఆయనవి పాము చెవులు. పాములకు చెవులుండవని చదువుకున్నవాళ్లు అంటారు. ఉండకేం, వాటికి రావలసినవన్నీ కలిపి ఈయనకే ఇచ్చినట్టున్నారు. మైకు ముందు మనిషి గుటక వేస్తే "మంచినీళ్లు తాగమ్మా" అంటాడు. పేగు అరిస్తే "ముందు తినేసి రా" అంటాడు.

"ఆగమ్మా," అన్నాడు బాబాయి ఓ పూట, చెయ్యి పైకెత్తి. "ఏదో గరగరమంటోంది. కాగితం నలిగినట్టు."

"కాగితమెక్కడిది బాబాయ్, తెర మీద చూసి చదువుతుంటే."

"గొలుసు తీసి పక్కన పెట్టు."

తీసింది. నవలలో నాయిక మళ్లీ కిటికీ దగ్గరికి నడిచింది. నాయికతో పాటు గొంతమ్మ కాస్త ముందుకు వంగింది. బాబాయి చెయ్యి లేచింది. వాచీ తీసింది. నాయిక మళ్లీ నడిచింది, చెయ్యి మళ్లీ లేచింది. చెవి పోగులు కూడా తీసింది. ఇంకో రోజైతే "తియ్యడానికి ఇంకేం మిగిలింది బాబాయ్" అని ఓ జోకు పారేసేదే. నోటి దాకా వచ్చిన జోకును మింగేసింది. ఆ జోకు అసలు సంగతికి మరీ దగ్గరగా ఉంది.

గరగర ఎక్కడిదో ఆవిడకు అప్పటికే తెలిసిపోయింది. అది ప్యాడ్ అడుగున ఉండే ప్లాస్టిక్ పొర. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచే పని కాదు. కుర్చీ చూస్తే లేత రంగు గుడ్డది. వయసు చూస్తే, ఈ మధ్య వచ్చినప్పుడల్లా వరదే. నెలసరి అని పేరు పెట్టారు గానీ అందులో సరిగా ఉన్నదేముంది? అందుకని ఒకటి చాలక, ముందూ వెనకా కలిసేలా రెండు పెట్టుకుని వచ్చేది. మామూలు గదిలో అయితే ఎవరి చెవినా పడని చప్పుడు. కానీ ఆ మైకు చీమ తుమ్మినా పట్టేస్తుంది, మైకు వదిలేసినదాన్ని బాబాయి పట్టేస్తాడు.

చెబితే ఒక్క ముక్కలో పోయేది. ఎలా చెబుతుంది? అవతల ఉన్నది తండ్రి వయసు మనిషి. సొంత ఇంట్లోనే ప్యాడ్ల పొట్లాన్ని కవరులో చుట్టి, కవరును సంచిలో పెట్టి, సంచిని దుప్పట్ల వెనక దాచే మనిషి ఆవిడ. ఎంతోమంది పాత్రల గుట్టు విప్పి చెప్పిన నోరు సొంత గుట్టు దగ్గర కుట్టేసినట్టయింది.

మర్నాడు బాబాయి కుర్చీని అనుమానించాడు. లోకమంతా కుర్చీ కోసం కొట్టుకుంటుంటే ఆయన కుర్చీనే కొట్టి చూశాడు. తిరగేసి మరలకు నూనె పోశాడు. తివాచీ ఎత్తించాడు. ఏసీ కట్టేయించాడు. గొంతమ్మ చెమటలు కక్కుతూ చదివింది, గరగర వస్తూనే ఉంది. ఆ పెద్దాయన మోకాళ్ల మీద వంగి కుర్చీ కింద టార్చి వేసి వెతుకుతుంటే, పక్కన నిలబడిన గొంతమ్మకు టార్చి తన మీదే వేసినట్టు ఒళ్లు చచ్చిపోయింది.

కొన్నాళ్లకు చప్పుడు దానంతటదే పోయింది. మర్నెల మళ్లీ వచ్చింది. మళ్లీ పోయింది.

"దీనికో వరస ఉందమ్మా," అన్నాడు బాబాయి ఆలోచనగా. "వస్తే కొన్ని రోజులుంటుంది, పోతే కొన్నాళ్లు కనపడదు. ఎక్కడో ఏదో తేమ పీలుస్తోంది."

గొంతమ్మ చేతిలోని మంచినీళ్లు గటగటా తాగేసింది.

స్టూడియో పెట్టిన యజమాని పోయాక ఆయన కొడుకు చూసుకుంటున్నాడు. మర్యాదస్తుడే, కాకపోతే తొందరస్తుడు. పుస్తకం ఎందుకు సాగడం లేదో చూద్దామని వచ్చి, రికార్డయినది విన్నాడు.

"నాకేం వినపడట్లేదు బాబాయ్."

"హెడ్‌ఫోన్సు పెట్టుకుని వినండి బాబూ. జనం వినేది చెవుల్లో పెట్టుకునే కదా."

పెట్టుకుని విన్నాడు. పెదవి విరిచాడు. "అక్కా, మీకేమైనా వినపడిందా?"

"చదివేటప్పుడు నాకు ధ్యాస ఉండదు కదా," అంది గొంతమ్మ. అబద్ధం కాదు. నిజం అంతకన్నా కాదు.

బాబాయి టీకి వెళ్లగానే చిన్న యజమాని గొంతు తగ్గించాడు. "చదవడం కన్నా ఆపడం ఎక్కువైపోయిందక్కా. పాపం, ఆయన చెవులు అయిపోయినట్టున్నాయి. లేని చప్పుళ్లు వినపడుతున్నాయి."

ఇక లాభం లేదని గొంతమ్మ ఆడపడుచును కదిపింది. ఆ అమ్మాయి ఈత కొలనులో పిల్లలకు ఈత నేర్పుతుంది. రోజంతా నీళ్లలో ఉండే మనిషి కావడంతో ఈ సంగతుల్లో సిగ్గు ఎప్పుడో నానిపోయి, కొట్టుకుపోయింది.

"ఏమే, నువ్వు ఆ రోజుల్లో నీళ్లలోకి ఎలా దిగుతావు?" అని వంటింట్లో గుసగుసగా అడిగింది. గొంతమ్మ గుసగుస అంటే మామూలు మనిషి మాట.

"హాల్లో అన్నయ్యకు కూడా వినపడే ఉంటుంది వదినా, ఇంకెందుకు దాపరికం. సంగతి చెప్పు."

చెప్పింది. మరదలు నవ్వాపుకోలేక వంటగట్టు పట్టుకుంది.

"నవ్వకే. నాకు ఏడుపొస్తోంది."

"మరి లోపల పెట్టుకునే టాంపాన్‌తో వెళ్లకపోయావా?"

"ఓసారి అదీ అయింది. తడి అంతగా లేని రోజున తీస్తుంటే ప్రాణం జివ్వుమంది. పైగా దాన్ని మర్చిపోయి అలాగే ఉంచేస్తే మంచిది కాదట. మైకు ముందు కూర్చుంటే నాకు లోకమే గుర్తుండదు, అది గుర్తుంటుందా? ఇదుగో, టాంపాన్ అన్నానని టాంటాం చెయ్యకు."

"అయితే డిస్కు వాడు."

"ఇన్నేళ్లూ నన్ను డిస్కుల్లోకి ఎక్కించారు. ఇప్పుడు డిస్కును నాలోకి ఎక్కిస్తావా?"

మరదలు అప్పుడే ఏమీ అనలేదు గానీ, వారం తిరక్కుండా ఓ కొత్తది తెచ్చి చేతిలో పెట్టింది. గుండ్రటి అంచు, మధ్యలో పల్చటి తిత్తి. అంతా మెత్తటి సిలికాను.

"చూడు, ఇలా రెండు వేళ్లతో నొక్కితే సన్నగా అవుతుంది. పైకి కాదు, వెనక్కి, కిందికి తోసుకుంటూ పోవాలి. లోపలికి వెళ్లాక ఈ చివరి అంచును ముందువైపు ఎముక వెనక్కి ఎక్కించు. ఇక అక్కడే కూర్చుంటుంది. ఇది పీల్చుకోదు, పట్టి ఉంచుతుంది. పన్నెండు గంటలు దాటకుండా తీసి, సబ్బుతో కడిగి మళ్లీ పెట్టుకోవడమే. నెలసరి అయిపోయాక మరిగించి దాచుకో."

"చప్పుడు?"

"నీలాంటిది కాదులే వదినా, నోరెత్తదు."

"మరి తీసేటప్పుడు?"

"అంచులో వేలు వేసి లాగాలి. మొదటిసారి బాత్రూములో హత్య జరిగినట్టుంటుంది. నిలబడి తియ్యకు, కూర్చుని తియ్యి."

ఆ నెల గొంతమ్మ బాత్రూములో దూరి గడియ పెట్టుకుంది. నొక్కిన డిస్కు వేళ్లలోంచి జారి, అద్దానికి తగిలి, బకెట్లో పడింది. కడిగి మళ్లీ నొక్కింది. ఈసారి తలుపు దాకా వెళ్లింది. ఇంట్లో ఉన్నవన్నీ దాచే మనిషికి దాగని వస్తువు దొరికింది. మరదలు చెప్పిన ఎముక ఎక్కడుందో వేలితో వెతుక్కుంటుంటే ఆవిడకు నవ్వు రాలేదు. పిల్లను కన్నది, నలభై దాటింది, సొంత ఒంట్లో దారి ఇంకొకరు చెబితే గాని తెలియలేదు. చివరికి అంచు ఎముక వెనక్కి ఎక్కి కూర్చుంది. లేచింది, కూర్చుంది, దగ్గింది, ఎవరూ చూడరు కదా అని ఓ గెంతు గెంతింది. లోపల ఏదీ ఉన్నట్టే లేదు.

ఆ నెల గాజు గదిలో గరగర లేదు. నాయిక కిటికీ దగ్గరికి నడిచింది, మెట్లు దిగింది, ఊరు దాటింది, ఎవరూ ఆపలేదు. చిన్న యజమాని ముఖం వెలిగిపోయింది. బాబాయి మాత్రం చెయ్యి సగం ఎత్తి, వేటగాడిలా కాచుకుని కూర్చునేవాడు.

"లేదమ్మా," అన్నాడు ఓ రోజు. "పోయింది."

"పీడ వదిలింది బాబాయ్."

"ఎలా పోయింది? నేనేమీ బాగు చెయ్యలేదే."

చిన్న యజమాని ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "కుర్చీ అదే, మైకు అదే, మనిషీ అదే బాబాయ్. పోవడానికి అసలు ఉంటే కదా." మాట మెత్తగానే వచ్చింది. దాని వెనకే రెండో మాట వచ్చింది. వచ్చే నెల నుంచి బల్ల దగ్గరికి కొత్త మనిషి. బాబాయి ఇక ఇంటి పట్టున విశ్రాంతి తీసుకోవచ్చు.

గొంతమ్మ చప్పుడు మాన్పించానని సంబరపడింది. ఆ చప్పుడుతో పాటు ఆయన తరఫు సాక్ష్యం కూడా మాయం చేసేసింది.

సాయంత్రం నడవాలో బాబాయి ఆవిడను ఆపాడు. మంచినీళ్ల మిషను దగ్గర ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు.

"నిజం చెప్పమ్మా. ఒక్కసారైనా నీ చెవిన పడిందా అది?"

ఇప్పుడు చెప్పాలి. మిషను దగ్గరివాళ్లు ఇటే చూస్తున్నారు.

"లేదు బాబాయ్," అంది.

ఆయన తలూపాడు. "అయితే చెవుల్లోనే." చెవి మీద అరచెయ్యి ఆనించి చూసుకున్నాడు, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు.

ఆ చెయ్యి గొంతమ్మను ఇంటి దాకా వెంబడించింది. మరదలికి ఫోన్ చేస్తే, "నువ్వు చెప్పడమే వదినా, దానికి డిస్కు లేదు," అంది.

బాబాయి చివరి రోజు వచ్చింది. ఆ రోజు గొంతమ్మకు ప్యాడ్‌తో పని లేదు, నెలసరి అయిపోయి చాలా రోజులైంది. అయినా పొద్దున్నే దుప్పట్ల వెనక సంచి తీసి, మిగిలినవాటిలో రెండు పెట్టుకుని బయల్దేరింది. ఎత్తు మంచిదే. గరగర వస్తుంది, బాబాయి చెయ్యి లేస్తుంది, పక్కనే ఉన్న యజమాని చూస్తాడు. న్యాయం జరగాలి, నోరు మాత్రం విప్పక్కర్లేదు.

గాజు అవతల బాబాయి మీటలు ఒక్కొక్కటే చిన్న యజమానికి చూపించి అప్పగిస్తున్నాడు. ఎర్ర దీపం వెలిగింది. గొంతమ్మ చదువుతూ చదువుతూ, కావాలని కదిలింది.

బాబాయి చెయ్యి లేచింది. గాలిలో ఆగింది. ఆయన ఆ చేతిని ఎవరిదో చేతిలా చూసి, మెల్లిగా ఒళ్లో పెట్టుకున్నాడు.

గొంతమ్మ మళ్లీ కదిలింది. ఈసారి ఆయన చెవి రుద్దుకున్నాడు.

చదవడం ఆగిపోయింది.

"బాబాయ్, చెయ్యెందుకు దించారు?"

"ఏం లేదమ్మా. చదువు."

"వినపడిందా, లేదా?"

"నాకు వినపడేవన్నీ ఉన్నవి కావట కదా. చదువు తల్లీ."

ఏడుపు, కోపం, వెటకారం ఏది కావాలన్నా పలికే నోరు, రెండక్షరాల మాట పలకలేకపోయింది. మెడ దగ్గర మొదలైన వేడి చెవుల కొసల దాకా పాకింది.

"ఉంది బాబాయ్," అంది. "అది నేనే. నెలసరి ప్యాడు. కదిలితే అడుగున ప్లాస్టిక్ చప్పుడు చేస్తుంది. నాకు మొదటి రోజే తెలుసు. మొన్న వేరేది వాడాను కాబట్టి పోయింది. ఇవాళ కావాలని పెట్టుకొచ్చాను. మీ చెవులకేం కాలేదు. అడిగినప్పుడు అబద్ధం చెప్పింది నేను."

గొంతు తగ్గించడం మర్చిపోయింది. అవతల స్పీకరు ఆ మాటలను గది నిండా, తెరిచి ఉన్న తలుపు దాటి నడవా నిండా పరిచింది. టీ కప్పులు తెస్తున్న రిసెప్షన్ అమ్మాయి గుమ్మంలోనే నిలబడిపోయింది. అంతటి నిశ్శబ్దం స్పాంజి గోడలు ఇచ్చింది కాదు.

చిన్న యజమాని ముఖం ఎర్ర దీపంతో పోటీ పడింది. బాబాయి హెడ్‌ఫోన్సు తీసి ఆయన తలకు తగిలించి, ఓ మీట పైకి తోశాడు.

"బాబూ, మీరు బల్ల వంకే చూడండి," అన్నాడు. తర్వాత మైకులో, చాలా మెల్లిగా, "అమ్మా, ఇంకొక్కసారి కదలగలవా?"

అన్నిటిలోకీ అదే కష్టమైంది. గొంతమ్మ కళ్లు మూసుకుని, ఇద్దరు మగవాళ్లు చెవులొగ్గి వింటుండగా, కుర్చీలో కదిలింది.

బల్ల మీద ఆకుపచ్చ గీత ఒకటి చివుక్కున లేచింది.

"వినపడింది," అన్నాడు చిన్న యజమాని, తనలో తాను అన్నట్టు. హెడ్‌ఫోన్సు తీసి జాగ్రత్తగా బాబాయి ముందు పెట్టాడు. "రేపు కూడా రండి బాబాయ్. ఎల్లుండి కూడా." ఇక అక్కడ నిలబడలేక, టీ కప్పుల పక్క నుంచి తప్పుకుంటూ వెళ్లిపోయాడు.

గెలిచిన బాబాయి ముఖంలో గెలుపు లేదు. తల వంచుకుని ఉన్నాడు.

"నీ చేత గొలుసు తీయించాను. పోగులు తీయించాను," అన్నాడు. "కుర్చీ కింద టార్చి వేశాను."

"మీ తప్పేముంది బాబాయ్. నేను చెప్పాలి కదా."

"నాకూ ఆడపిల్లలున్నారమ్మా. ఇంట్లో ఆ మాట వస్తే రేడియో పెంచుకునేవాణ్ని."

గొంతమ్మ లేచి బాత్రూముకు బయల్దేరింది. తలుపు దగ్గర రిసెప్షన్ అమ్మాయి పక్కకు జరుగుతూ, తల ఎత్తకుండానే, "ఆ వేరేది ఏంటో నాకూ చెప్పండక్కా," అని గొణిగింది. గొంతమ్మ "తర్వాత" అన్నట్టు చెయ్యి ఊపింది. కాసేపట్లోనే చప్పుడు లేకుండా తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంది. గాజు వంక చూడలేదు.

ఎర్ర దీపం వెలిగింది. నాయిక కిటికీ తెరిచింది. మొదటి వాక్యంలో గొంతు వణికింది. రెండో వాక్యంలో ఇంకాస్త వణికింది. అది బాబాయికి వినపడకుండా ఉండదని ఆవిడకు తెలుసు. ఆ చెయ్యి లేస్తుందని కాచుకుంది.

చెయ్యి బల్ల మీదే ఉంది.