గుమ్మం బయట బొట్టుగాడు

పీరు సాహెబు బతికున్నన్నాళ్లూ ఆయన కొట్టులో సరుకు కొనేవాళ్లంతా గుమ్మం బయటే నిలబడేవారు. అడ్డంగా ఒక చెక్కబల్ల ఉండేది. బల్లకు అవతల ఆయన, ఆయన వెనక బస్తాలు. ఏం కావాలో చెబితే తూచి, పొట్లం కట్టి చేతికిచ్చేవాడు. ఆయన పోయాక కొడుకు యూసుఫ్ ఒంగోలు వెళ్లి అక్కడి కొత్త కొట్లు చూసి వచ్చాడు. రెండువేల నాలుగులో బల్ల తీయించేసి, వెనక వసారా కూడా కలుపుకుని, వరసగా ఇనుప అరలు పెట్టించాడు. అప్పటినుంచి ఎవరికి కావలసింది వాళ్లే లోపలికి వచ్చి చూసుకుని, బుట్టలో వేసుకుని, గుమ్మం దగ్గర కూర్చునే షమీమ్‌కి చూపించి డబ్బులు కట్టాలి. షమీమ్ యూసుఫ్ భార్య. దర్శిలో ఆ బజారుకి అది వింతే అయింది.

బల్ల పోయినందుకు అందరికంటే ఎక్కువ సంతోషించిన మనిషి ఎలీసమ్మ.

ఆమె ఒకప్పుడు మిరప కోతలకు కూలీల ముఠాను కట్టి తీసుకెళ్లేది. అరవై దాటాక నీటికాసులు వచ్చి రెండు కళ్లూ పోయాయి. వెలుగూ నీడా మాత్రం తెలుస్తాయి. భర్త లేడు, పిల్లలు కలగలేదు. ఎస్సీ కాలనీలో ఒక గదిలో ఉంటుంది. చిన్నతనంలో కొట్టు ముందు కొంగు పట్టుకుని నిలబడితే పైనుంచి సరుకు పడేసిన రోజులు ఆమె ఎరుగును. పీరు సాహెబు అలా చేసేవాడు కాదు. అయినా ఆమె నిలబడింది బయటే. ఇప్పుడు తన కాళ్ల మీద లోపలికి నడిచి, కందిపప్పు బస్తాలో చెయ్యి పెట్టి, నాలుగు గింజలు వేళ్ల మధ్య నలిపి చూసుకుంటుంది. బాగాలేకపోతే పక్క బస్తా దగ్గరికి పోతుంది. ఎవరూ కాదనరు. శనివారం కొట్టుకు వెళ్లి రావడం ఆమెకు ఆదివారం ప్రార్థనకు వెళ్లడమంత ముఖ్యమైంది.

ఆమెను తీసుకొచ్చేది ఒక కుక్క. ఎవరో పెంచి నేర్పిన కుక్క కాదు. మిరప కళ్లంలో కాపలా పడుకునే ఊరకుక్క, ఆమె వెంట పడి వచ్చేసింది. దాని మెడకు చేంతాడు ముక్క కట్టి, రెండో కొస ఆమె పట్టుకుంటుంది. కాలవ వస్తే అది ఆగుతుంది. ఆటో వస్తే పక్కకు జరుగుతుంది. అరల మధ్య కూడా ఆమె నడకకు తగ్గట్టే నడుస్తుంది. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్నందుకు దాన్ని బొట్టుగాడు అనేవారు.

"మన పేటలో బొట్టు పెట్టుకుని ప్రార్థనకొచ్చేది వీడొక్కడేనమ్మా" అని పాస్టరు క్రీస్తుదాసు నవ్వేవాడు.

"వీడికి బాప్తిస్మం ఇచ్చెయ్యండయ్యా, చెరిగిపోద్దేమో చూద్దాం" అనేది ఎలీసమ్మ.

మిరప కోతలు మొదలైన రోజుల్లో ఒక శనివారం గొడవ వచ్చింది. తెచ్చింది సుబ్బరావమ్మ. ఆమె భర్త వీరాంజనేయులుకి ఎనిమిదెకరాల మిరప. కోతలప్పుడు కూలీలకు వండి పెట్టే బియ్యం, పప్పు, నూనె అంతా యూసుఫ్ దగ్గరే తీసుకుంటారు.

"ఏమయ్యా యూసుఫూ, ఇది కొట్టా, కుక్కల దొడ్డా?" అంది ఆమె, నలుగురూ వినేట్టు.

"ఏమైందమ్మా?"

"మినప్పప్పు బస్తాకి మూతి ఆనించింది. నా కళ్లతో చూశా. ఆ పప్పు రుబ్బి నేను స్వామికి గారెలు వండాలా?"

"వాసన చూసుంటాడమ్మా. మూతి పెట్టడు వాడు" అంది ఎలీసమ్మ.

"నీకెట్టా తెలుసే? నీకు కనపడిందా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"తాడు నా చేతిలోనే ఉందిగా తల్లీ. తల వంచితే తెలుస్తది."

"నీతో నాకేంటిలే. ఏమయ్యా, నువ్వు చెప్పు. సరుకు పొదిలి నుంచి తెప్పించుకోమంటావా మా ఆయన్ని?"

యూసుఫ్ ఆ బస్తా తీయించి వెనక్కు పంపాడు. కొట్టు పక్కనే, దాన్ని ఆనుకుని వాళ్ల ఇల్లు. మాటలన్నీ గోడ అవతలికి వినపడ్డాయి. ఆ సాయంత్రం తల్లి రహిమున్నీసా కొడుకును కూర్చోబెట్టి అడిగింది.

"కుక్క మూతి పెట్టిన గిన్నెను ఏడుసార్లు కడగాలి, అందులో ఒకసారి మట్టితో. బస్తాడు పప్పును ఎట్టా కడుగుతావురా?"

"ఆమెకు కళ్లు అదేనమ్మా."

"నాకు చెప్తున్నావా? నేనూ ఎలీసా ఒకే పట్టా మీద కూర్చుని మిరపకాయల ముచ్చికలు తీశాం. ఎలీసా రావాలి. కుక్క రాకూడదు. ఈ గోడకి ఇవతల నేను నమాజు చేసుకునే చోటుంది."

ఆ మాటలో ద్వేషం ఏమీ లేదు. ఆమె నమ్మింది ఆమె చెప్పింది. సుబ్బరావమ్మ మాటలోనూ తప్పు పట్టడానికి లేదు. తినే సరుకు దగ్గర కుక్కేమిటని ఎవరైనా అంటారు. కాకపోతే అదే కొట్టులో చివరి అర పక్కన పురుగుమందు డబ్బాలు ఉండేవి, బియ్యం బస్తాలకు మూరెడు దూరంలో. పత్తి మందు, మిరప మందు. వాటి గురించి ఏనాడూ ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ వాసన మా వైపు గాలిలోనే ఉంటుంది. దాన్ని ఎవరూ మైల అనుకోరు.

యూసుఫ్ ఒక రేకు బోర్డు రాయించి గుమ్మం పక్కన తగిలించాడు. కుక్కలను లోపలికి తీసుకురాకూడదు అని. ఆ కొట్టు లోపలికి వచ్చే కుక్క ఒక్కటే. అది ఎవరి కోసం రాయించాడో బజారంతటికీ తెలుసు. రాయించింది ఎవరి కోసమో ఆ మనిషి మాత్రం దాన్ని చదవలేదు. అందుకని ఆ తర్వాతి శనివారం అతనే ఎదురెళ్లి చెప్పాల్సి వచ్చింది.

"ఎలీసమ్మా, వీడిని ఈ స్తంభానికి కట్టేద్దాం. లోపల షమీమ్ చెయ్యి పట్టుకుని తిప్పుతుంది."

"వాడేం తప్పు చేశాడు బాబూ?"

"తప్పని కాదు. నలుగురూ వచ్చే చోటు కదా."

"నేనూ ఆ నలుగుర్లోనే ఉన్నాననుకున్నా."

"నిన్నెవరు వద్దన్నారు? నువ్వు రా."

ఆమె కాసేపు తాడు వదలలేదు. తర్వాత అతని చేతికిచ్చింది. బొట్టుగాడు కట్టేసిన చోట కూర్చుని, ఆమె లోపలికి పోయేదాకా చూశాడు.

మొదట్లో షమీమ్ బాగానే తిప్పింది. ఆమె చెడ్డ పిల్ల కాదు. కానీ కోతల కాలంలో కొట్టు కిటకిటలాడుతుంది. లెక్క వదిలేసి లేవడానికి కుదరదు. రెండు మూడు వారాలు గడిచాక, "ఏం కావాలో చెప్పు ఎలీసమ్మా, తెప్పించేస్తా" అని గుమ్మం దగ్గర స్టూలు చూపించింది. ఎలీసమ్మ కూర్చుంది. పొట్లాలు ఒడిలోకి వచ్చాయి. ఇంటికెళ్లి చూసుకుంటే పప్పు పుచ్చింది.

"పోయిన వారం పప్పు పురుగు పట్టిందమ్మా షమీమా."

"అందరూ అదే పట్టుకెళ్లారు ఎలీసమ్మా. ఎవరూ ఏమీ అనలా."

"వాళ్లు చూసుకుని పట్టుకెళ్లారు."

షమీమ్ లెక్కలోకి తల దించుకుంది. ఎలీసమ్మే మళ్లీ అంది. "జనం పల్చబడిందాకా ఇక్కడే కూర్చుంటా. నీకు ఖాళీ అయినాక తీసుకెళ్లు. నాకేం తొందర లేదు."

అలా ఆమె కూర్చునే సమయం పెరిగింది. వారం వారం ఎండ కూడా పెరిగింది. పొద్దున వచ్చిన మనిషి మధ్యాహ్నం దాటినా స్టూలు మీదే ఉండేది. ఆమెకు పైన రేకుల కప్పు ఉంది. స్తంభం దగ్గర నీడ పొద్దున కాసేపే. ఆ తర్వాత జరిగిపోయేది. బొట్టుగాడు తాడు ఉన్నంత మేర నీడ వెంట జరిగి, తాడు అయిపోయిన చోట పడుకునేవాడు.

రోహిణి కార్తెలో ఒక శనివారం రహిమున్నీసా మధ్యాహ్నం నమాజు ముగించి కిటికీ తీసింది. కొట్టు బయట ఎండలో మనిషి లేడు. స్తంభం దగ్గర కుక్క నాలుక బయటపెట్టి ఒగరుస్తోంది. కళ్లు మూతలు పడుతున్నాయి. ఆమె చూసి ఊరుకోలేకపోయింది. చిన్నప్పుడు తండ్రి చెప్పిన కథ ఆమె మనవళ్లకు కూడా చెబుతుంది. చెడ్డ నడతలో ఉన్న ఒక ఆడమనిషి దాహంతో ఉన్న కుక్కకు బావిలోంచి చెప్పుతో నీళ్లు తోడి పోసిందట, అంతమాత్రానికే దేవుడు ఆమె పాపాలన్నీ క్షమించాడట.

నీళ్లు పెట్టాలి. కానీ ఇంట్లో గిన్నె పనికిరాదు. కుక్క తాగితే ఆ గిన్నె మళ్లీ ఇంట్లోకి రాదు. చెంబూ అంతే. పెరట్లో గోడవార ఖాళీ డబ్బాలు పడి ఉన్నాయి, రైతులు మందు కలుపుకుని పడేసి పోయినవి. అందులో ఒకటి పైభాగం కోసేసి ఉంది. ఆమె దాన్ని పంపు కింద రెండుసార్లు తొలిపి, నిండా నీళ్లు పట్టి, మోసుకొచ్చి కుక్క ముందు పెట్టింది. అది లేచి తాగింది. ఆగకుండా తాగింది. ఆమె చూసి, మనసులో ఏదో అనుకుని, లోపలికి పోయి పడుకుంది.

ఆమెకు వాసన తెలియలేదా అంటే తెలిసే ఉంటుంది. మా వైపు అలాంటి డబ్బా లేని ఇల్లు అప్పట్లో లేదు. కడిగి చెట్లకు నీళ్లు పోసేవాళ్లు, స్నానానికి పట్టుకునేవాళ్లు, కొందరు తాగే నీళ్లు కూడా నింపుకునేవాళ్లు. కడిగామంటే పోయిందనే అందరి నమ్మకం.

కాసేపటికి కొట్టు దాదాపు ఖాళీ అయింది. షమీమ్ లేచి ఎలీసమ్మ చెయ్యి పట్టుకుంది. ఎలీసమ్మ కందిపప్పు బస్తాలో చెయ్యి పెట్టి, "ఈ సరుకు కొత్తదిలా ఉంది, మంచిగా ఉంది" అంటోంది. సబ్బుల దగ్గర నిలబడ్డ వీరాంజనేయులు బయటికి చూసి, "యూసుఫూ, నీ స్తంభం కాడ కుక్క కొట్టుకుంటా ఉంది" అన్నాడు.

ఎలీసమ్మ చెయ్యి విడిపించుకుంది. ఎటు పోవాలో తెలియక అరకు గుద్దుకుంది. సబ్బులు కింద పడ్డాయి. వెలుగు కనపడిన వైపు నడిచి గుమ్మం దాటింది.

బొట్టుగాడి నోటి వెంట నురగ. కాళ్లు ఎండలో నేలకేసి కొట్టుకుంటున్నాయి. యూసుఫ్ చింతపండు పిసికి నీళ్లు తెచ్చాడు, పళ్లు విడలేదు. స్కూటరు తీసి పశువుల డాక్టరు కోసం పోయాడు. ఆయన ఊళ్లో లేడు. అతను తిరిగొచ్చేసరికి కాళ్లు ఆగిపోయాయి. ఎలీసమ్మ ఎండలోనే చతికిలబడి, దాని మెడ మీద చెయ్యి వేసుకుని ఉంది.

వీరాంజనేయులు కాలితో డబ్బాను తిప్పి చూశాడు.

"ఒరేయ్, ఇది మందు డబ్బా రా. ఇందులో నీళ్లు పెట్టిన మహానుభావుడెవరు?"

పక్క తలుపు దగ్గర రహిమున్నీసా నిలబడి ఉంది. ఆమె ముఖం చూడగానే యూసుఫ్‌కి అర్థమైంది. షమీమ్‌కీ అర్థమైంది. ఎలీసమ్మ మాత్రం తల ఎత్తి ఒక్కో వైపూ తిప్పుతూ, జవాబు కోసం ఎదురు చూసింది.

మర్నాడు సాయంత్రం రహిమున్నీసా కాలనీకి వెళ్లింది. అంతకు ముందు ఎన్నడూ ఆమె ఆ గదికి రాలేదు. ఎలీసమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఆ రోజు ప్రార్థనకు పోలేదు.

"ఎలీసా, నీళ్లు పెట్టింది నేనే."

"తెలుసు బీబమ్మా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అడిగినప్పుడు నీ కొడుకు నోరు మూసుకున్నాడు. మీ ఇంటివాళ్లు కాకపోతే అరిచి చెప్పేవాడు."

రహిమున్నీసా ఏడ్చింది. "రెండుసార్లు తొలిపాను. నా మనవడి మీద ఒట్టు. దాహంతో ఉందని చూడలేక పెట్టాను."

"ఒట్లెందుకు? నువ్వు కావాలని పెట్టావని నేనన్నానా?"

బయట పిల్లలు ఆడుకుంటున్నారు.

"బోర్డు పీకించేశా" అంది రహిమున్నీసా. "శనివారం నేనే వస్తా. నీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్తా, నేనే తిప్పుతా. నా చేత్తో."

"నీకు మోకాళ్ల నొప్పులు."

"ఉంటే ఉండనీ."

"వస్తావు. నాలుగు వారాలు వస్తావు. ఒక వారం నీకు జ్వరం వస్తది. ఒక వారం పండగ వస్తది. నీ కోడలొస్తది, దానికి పని ఉంటది." ఎలీసమ్మ మాట నెమ్మదిగానే ఉంది. కోపం లేదు. "వాడికి పనేమీ లేదు బీబమ్మా. నేను లేస్తే లేచేవాడు. ఎటు పోదామంటే అటు పోయేవాడు. నన్ను ఎవరూ తీసుకెళ్లేవాళ్లు కాదు, నేనే పోయేదాన్ని."

"ఇంకో కుక్కను చూద్దాం. కళ్లాల్లో ఎన్ని లేవు. లోపలికే తెచ్చుకో. ఎవరంటారో నేను చూస్తా."

"ఆ మాట నువ్వు అప్పుడు అనుంటే సరిపోయేది."

రహిమున్నీసా కొంగుతో ముఖం తుడుచుకుంది. పొద్దు వాలుతోంది, నమాజుకు వేళవుతోంది. అయినా ఆమె లేవలేకపోయింది. "అయితే సరుకు ఇంటికే పంపిస్తాను. దానికైనా కాదనకు."

"పంపించు. తినక తప్పదుగా."

ఆ తర్వాత ఎలీసమ్మ కొట్టుకు రాలేదు. శనివారం సాయంత్రం యూసుఫే స్కూటరు మీద సంచీ తీసుకెళ్లి ఆమె గదిలో పెట్టి వస్తాడు. ఆమె మంచం మీదనుంచి లేవదు. అక్కడ పెట్టి పొమ్మంటుంది. కొట్టులో ఉన్నవాటిలో మంచి పప్పే చూసి పంపిస్తున్నామని అతను అందరితో అంటాడు.

నిజమే. మంచి పప్పే పంపిస్తున్నారు.