తలుపు తట్టిందెవరు

తడి దుప్పటి కొసలు రెండూ పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించి, అంచులు సరిచేసి, వేడి రోలరు నోటికి అందించాడు ఇస్త్రీ బాబాయి. అటువైపు కొసలు పట్టుకున్న మడతల పిల్ల కూడా అదే క్షణాన చేతులు వదిలింది. బుస్సుమని ఆవిరి లేచింది. ముడతలన్నీ రోలర్ల మధ్య ఎక్కడో పోగొట్టుకుని, దుప్పటి అవతలి పక్క బల్లపరుపుగా, వెచ్చగా బయటికొచ్చింది.

ఆసుపత్రి అడుగు అంతస్తులో ఉంటుంది ఆ లాండ్రీ. కిటికీలు పైకప్పుకు ఆనుకుని ఉండటంతో వాటిలోంచి దారిన పోయేవాళ్ళ కాళ్ళు తప్ప ఏమీ కనపడవు. ఇస్త్రీ బాబాయి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఏళ్ళ తరబడి వేడి దగ్గర నిలబడి ముంజేతుల మీద వెంట్రుకన్నది లేకుండా పోయింది. ఎవరైనా పిలిస్తే ముందు చెవి తిప్పి, ఆ తర్వాత మొహం తిప్పుతాడు. యంత్రాల రొద అలా అలవాటు చేసింది.

ఆ రోజు మాత్రం రెండు చెవుల్లోనూ దూది కుక్కుకుని పనిలోకి వచ్చాడు.

"ఆ దూదేంటి బాబాయ్? చెవిపోటా?" అని అరిచింది మడతల పిల్ల.

"కాదమ్మా. టీజరు."

ఆ పిల్ల పడీపడీ నవ్వింది. ఆకాశనౌక నాలుగో సినిమా టీజరు ఆ ఉదయమే విడుదలైంది. మూడో సినిమా వచ్చి ఎన్నేళ్ళయిందో! జనం ఆశ వదిలేసుకున్నాక ఇప్పుడు ఊరందరి ఫోన్లలోనూ అదే బాకా, అదే డప్పు. పైన వార్డుల్లో ప్లాస్టరు కట్ల వాళ్ళు కూడా మంచాల మీంచి వంగి పక్కవాళ్ళ ఫోన్లలోకి తొంగిచూస్తున్నారట. సాయంత్రం అక్కా తనూ కలిసి చూడాలని ఒప్పందం. అందాకా దాని చప్పుడు కూడా వినకూడదని అతని పట్టుదల.

మాసిన గుడ్డల బండి తోసుకుంటూ నర్సు లోపలికొచ్చింది. "చూశావా బాబాయ్? అబ్బ, చివర్లో ఆ తలుపు..."

చేతిలో ఉన్న తువ్వాలు తీసి తలమీంచి ముసుగేసుకున్నాడు ఇస్త్రీ బాబాయి. "నీకు పుణ్యముంటుంది తల్లీ, ఇంకొక్క ముక్క చెప్పకు!"

"అందులో ఏముందని?" అన్నాడు మిషన్ల మేస్త్రి సబ్బుపొడి డబ్బా మూత పెడుతూ. "పొగ, చీకటి, ఓ తలుపు. అంతే కదా."

"తలుపని కూడా చెప్పకు!"

"తలుపు సంగతి నర్సమ్మ ఎప్పుడో చెప్పేసింది. నాకేం పాపం?"

గది గదంతా నవ్వింది. ముసుగులో ఇస్త్రీ బాబాయి కూడా నవ్వాడు.

మధ్యాహ్నం భోజనాల గదికి వెళ్ళలేదు. అక్కడ అందరూ ఫోన్లు ముందేసుకుని కూర్చుంటారు. ఉతికిన గుడ్డలు పేర్చే అరల మధ్య స్టూలు వేసుకుని, అక్క చెప్పినట్టే నెమ్మదిగా నమిలి తిన్నాడు. ఈ వయసులో కూడా అతను గబగబా తింటాడని ఆమె బెంగ.

అమ్మానాన్నలు పోయేనాటికి అతనికి చీకటంటే భయం. ఆమెకూ భయమే కానీ చెప్పలేదు. బట్టల కర్మాగారంలో చొక్కాలకు గుండీలు కుట్టే పనిలో చేరి తమ్ముణ్ణి పెంచింది. సంబంధాలు రాకపోలేదు. "వీణ్ణెక్కడ పెట్టను?" అనేది, అతనేదో గుమ్మంలో పట్టని బీరువా అయినట్టు. అతను పెద్దవాడై, ఉద్యోగంలో చేరి, ఎక్కడ పెట్టినా ఉండగలిగే నాటికి అడిగేవాళ్ళు లేకపోయారు. అతనికోసం కూడా ఆమె రెండు మూడు చోట్ల మాట కదిపింది. అతనే తల అడ్డంగా ఊపాడు. ఆ ఇంట్లో రెండు కుర్చీలు చాలనుకున్నారు.

మొదటి ఆకాశనౌకకి వాళ్ళు కావాలని వెళ్ళలేదు. వాన పట్టుకుంటే తలదాచుకోవడానికి హాల్లోకి దూరారు. తెరమీద ఓ ముదురు పిల్ల కెప్టెను. చిరిగిన కోటేసుకుని నక్షత్రాల మధ్య నౌక నడుపుతుంది. ఇంజను గదిలో నూనె మరకల మెకానిక్కు ఆమెను తిట్టుకుంటూనే ఆమె వెళ్ళమన్న చోటికల్లా నౌకను చేరుస్తాడు. సినిమా అయ్యాక బయట వాన ఇంకా పడుతూనే ఉంది. అక్క కాసేపు ఆలోచించి అంది: "అంత మంది ఉన్నారు కదా నౌకలో, ఆ పిల్ల కోటుకి గుండీ ఒక్కళ్ళూ కుట్టరేం?"

ఆనాటి నుంచి అవి వాళ్ళ సినిమాలైపోయాయి. మూడోదానికి వెళ్ళినప్పుడు హాలు మెట్ల మీద అక్క మాటిమాటికీ ఆగి గోడమీది పోస్టర్లు చూసింది. పోస్టర్లు లేని చోట కూడా ఆగింది. అప్పుడే అతనికి అనుమానం వచ్చింది. ఆ సినిమాలో తుఫాను మధ్య నౌకను బాగుచేయడానికి కెప్టెన్ బయటికి వెళుతుంది. తలుపు మూసుకుంటుంది. నౌక ఒడ్డు చేరుతుంది, ఆమె ఉండదు. హాలంతా ముక్కులు చీదుకుంటుంటే అక్క మాత్రం, "శవాన్ని చూపించలేదు కదా. పోలేదు," అని తేల్చేసింది.

ఇప్పుడు ఆమె ఇంటి గడప దాటడం లేదు. పాదాలు వాచిపోయాయి. గుండె అలిసిపోయిందన్నాడు డాక్టరు. నాలుగో సినిమా వచ్చే ఏడాది చివర్లో అని ప్రకటించారు. డాక్టరు మాత్రం వచ్చే నెల మాట కూడా ఎత్తలేదు.

పని దిగాక ఎక్కిన బస్సులో కూడా అదే బాకా. కళ్ళు గట్టిగా మూసుకుని, వేళ్ళతో చెవులు అదిమి, గొంతులో ఏదో రాగం తీస్తూ కూర్చున్నాడు. పక్క సీటావిడ జాలిపడి మంచినీళ్ళ సీసా అందించింది. కాదనలేక తాగాడు.

ఇంటికి వచ్చేసరికి అక్క తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, ఒళ్ళో శాలువా కప్పుకుని కిటికీ పక్కన కూర్చుని ఉంది. పగలంతా ఆమెకు తోడుండే ఎదురింటి టీచరమ్మ చెప్పులు తొడుక్కుంటోంది.

"ఎవరైనా చెప్పేశారా?" అని అడిగింది అక్క.

"తలుపుందట. అంతకుమించి తెలీదు."

"నయం. రా, కూర్చో."

నీళ్ళ కూజాకు ఫోను ఆనించి పెట్టాడు. చీకట్లో పొగ. ధూళి పట్టిన నౌక, ఖాళీ నడవాలు. నడవా చివర ఇనుప తలుపు. డప్పు ఆగిపోయింది. ఏ చప్పుడూ లేదు. తెరమీద ఏమీ జరగకముందే అక్క గబుక్కున ఊపిరి పీల్చింది. ఆ తర్వాత వినిపించింది, ఎవరో తలుపు తట్టిన చప్పుడు.

ఆమె ముందే చూసేసిందని అతనికి అర్థమైంది. పక్కకి తిరిగాడు. అక్క ఫోను వంక చూడటం లేదు. అతను ఉలిక్కిపడ్డాడా లేదా అని అతని మొహంలోకి చూస్తోంది.

"అబ్బో!" అన్నాడతను గుండె మీద చెయ్యేసుకుని.

ఆమె చిన్నపిల్లలా నవ్వింది. మళ్ళీ చూశారు. మళ్ళీ మళ్ళీ చూశారు.

"కెప్టెనే కదక్కా? తిరిగొచ్చింది."

"ఛ. తన నౌక తలుపు తనే ఎందుకు తడుతుందిరా? తీసుకుని లోపలికి వచ్చేస్తుంది. తట్టేది మెకానిక్కు."

"మెకానిక్కు లోపల కదా ఉంటాడు?"

"అందరూ అలాగే అనుకుంటున్నారు. ఆ నౌక వేరు చిన్నా. ఆవిణ్ణి తుఫాను విసిరేసిన చోట అలాంటిదే ఇంకోటి పడి ఉంటుంది. అందులో హాయిగా ఉంది. వాడే వెతుక్కుంటూ వెతుక్కుంటూ వచ్చాడు." ఆయాసంతో కాసేపు ఆగింది. "వాడికి తొందర. ఆవిడకేం తొందర లేదు."

సూపు కాచి ఇద్దరూ తాగారు. ఆమె సగమే తాగింది. అతను గిన్నెలు తీసుకుని వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పాడు. బయట ఇంకా వెలుగు ఉంది. కుర్చీలోంచే ఆమె కథ చెబుతోంది. మెకానిక్కు ముసలివాడైపోయాడట. తలుపు దగ్గర నిలబడి తిట్లు లంకించుకున్నాడట. ఆవిడ లోపల్నుంచి ఆ తిట్లు విని నవ్వుకుంటోందట. గిన్నె తోముతూ అతనూ నవ్వాడు.

"మరి తలుపు తీస్తుందా?" అన్నాడు.

అక్క ఏమీ అనలేదు. ఆలోచిస్తోందనుకున్నాడు. ఇంకో గిన్నె కడిగాడు.

"అక్కా, తీస్తుందా?"

కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, ముందుగదిలోకి వచ్చాడు. ఆమె తల కిటికీ వైపు ఒరిగి ఉంది. పెదవుల మీద చెప్పబోయే మాట ఇంకా ఉన్నట్టే ఉంది. అతను కుర్చీ పక్కన నేలమీద కూర్చుని ఆమె చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. అతని చేతులు ఎప్పుడూ వెచ్చగానే ఉంటాయి. చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. ఆ తర్వాత లేచి వెళ్ళి ఎదురింటి తలుపు తట్టాడు.

టీచరమ్మ వచ్చి చూసి, కొంగుతో కళ్ళొత్తుకుంది. "పొద్దున్నే చూపించమంది తమ్ముడూ. సాయంత్రానికి ఓపికుంటుందో లేదో అంది. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది."

"తెలుసు," అన్నాడతను.

పడుకోబెట్టడానికి ఇద్దరూ కలిసి ఆమెను లేవదీస్తుంటే శాలువా జారింది. దాని కింద దాచిన చిన్న దిండు కుర్చీలో మిగిలిపోయింది.

"నీకే," అంది టీచరమ్మ. "వచ్చే ఏడు సినిమాకి వెళితే వాడి నడుముకి ఆసరాగా ఉంటుందని నిన్న మొదలుపెట్టింది. రెండు కుట్టుకోవచ్చు కదా అన్నాను. ఒకటి చాల్లే అంది."

అతను దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. నీలం గుడ్డ, లోపల మెత్తటి పాత పీలికలు, మూడు పక్కలా దగ్గర దగ్గరగా వేసిన సన్నటి కుట్లు. నాలుగో పక్క సగందాకా వచ్చి ఆగిపోయింది, అక్కడే గుడ్డలో గుచ్చిన సూదికి ఇంకా బారెడు దారం వేలాడుతోంది.