కోల్మన్ రఫ్టర్ ఇంగ్లండులో చనిపోలేదు

మా తాతయ్య కోల్మన్ రఫ్టర్ ఇంగ్లండులో సొరంగం తవ్వుతుండగా మట్టి విరిగిపడి చనిపోయాడని ఇంట్లో అందరం నమ్మాం. కిల్‌మోరిన్ శ్మశానంలో అమ్మమ్మ సమాధి రాతి మీద కూడా అలాగే చెక్కి ఉంది: ఆయన పేరు, 1938, ఇంగ్లండు. అప్పటికి మా అమ్మ టెస్సీ పొత్తిళ్ళలో బిడ్డ. తండ్రి ఎలా ఉంటాడో కూడా తెలియకుండా పెరిగింది. సాయంత్రాలు జపమాల తిప్పడం అయ్యాక "పరాయి మట్టిలో ఉన్న మా నాన్న కోసం" అని ఒక ప్రార్థన తనే కలిపేది. మంచాన పడ్డాక ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఊనా, ఆయన్ని ఎక్కడ పూడ్చారో కనుక్కోవే. నావల్ల కాలేదు" అంది.

అమ్మ పోయాక ఆ పని నెత్తికెత్తుకున్నాను. టీచరు ఉద్యోగం అప్పుడే మానేశాను కనుక తీరిక ఉంది. ఇంగ్లండు మరణాల రిజిస్టర్లు వెతికాను. ప్రమాదాల వార్తల కోసం పాత పత్రికలు తిరగేశాను. అక్కడి చర్చిలకు ఉత్తరాలు రాశాను. రఫ్టర్లు చాలామందే దొరికారు కానీ, మా రఫ్టరు దొరకలేదు. ఒక వాన మధ్యాహ్నం విసుగెత్తి మా దేశపు మరణాల రికార్డులోనే, సంవత్సరం వేయకుండా, పేరు ఒక్కటే కొట్టి చూశాను.

వచ్చింది. కోల్మన్ రఫ్టర్, కిల్‌మోరిన్, రైతు, వివాహితుడు. చనిపోయింది 1961లో. క్షయతో. చనిపోయిన చోటు పట్నంలోని మా జిల్లా పిచ్చాసుపత్రి.

అదే పేరున్న మరొకరు అయ్యుంటారని కొన్ని రోజులు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చివరికి ఉండబట్టలేక, ఆసుపత్రి మూసేశాక దాని కాగితాలు చేరిన ఆఫీసుకు వెళ్ళి, నేను మనవరాలినని రుజువు చూపించాను. చేర్చిన రోజు కాగితం తీసి నా ముందు పెట్టారు. పాదిరీ మీద చేయి చేసుకున్నాడనీ, ఏడుపు ఆపడం లేదనీ డాక్టరు రాశాడు. అర్జీ పెట్టింది భార్య. కింద హొనోరా రఫ్టర్ అని అమ్మమ్మ గుండ్రటి అక్షరాలు.

ఆ అమ్మమ్మ చచ్చేదాకా విధవలు కట్టే నల్లబట్టలే కట్టింది. మొగుడు బతికే ఉన్న రోజుల్లో కూడా.

ఇంకా అడగడానికి మిగిలింది మా పెద్దమ్మ డిలియా ఒక్కతే. తొంభై దాటింది. పట్నంలో వృద్ధాశ్రమంలో ఉంటోంది, మాట మాత్రం ఇంకా పదునే. నేను వెళ్ళేసరికి కిటికీ దగ్గర కూర్చుని, ఎండుద్రాక్ష వేసిన రొట్టెకు వెన్న రాసుకుంటోంది. కాగితం నకలు ఆమె ముందు పెట్టాను. చదవలేదు. ఒక్కసారి చూసి పక్కకు జరిపింది.

"నిన్నెవరు తవ్వమన్నారే?"

"అమ్మే కనుక్కోమంది."

"మీ అమ్మ ఇంగ్లండులో వెతకమంది. ఇక్కడ కాదు."

అయినా చెప్పింది, రొట్టె తింటూనే. అమ్మ ఒక్కతే పుట్టలేదట. కవలలు. మగపిల్లవాడు గంటైనా బతకలేదు. జ్ఞానస్నానం అందలేదు. అలాంటి బిడ్డలకు చర్చి నేలలో చోటు లేదు కాబట్టి, అందరిలాగే చెరువవతల దిబ్బలో పాతారు. తాతయ్య కొన్ని వారాలు ఎవరితోనూ మాట్లాడలేదు. ఒకరోజు పట్టపగలే ఆ చిన్న పెట్టెను తవ్వి తీసి, చంకన పెట్టుకుని, ఊరి నడిరోడ్డు మీదుగా నడిచివచ్చి, చర్చి శ్మశానంలో తన తల్లి సమాధి పక్కన పూడ్చాడు. పాదిరీ మళ్ళీ తవ్వించి పెట్టెను దిబ్బకే పంపించాడు. ఆదివారం పూజ అయ్యాక చర్చి గేటు దగ్గర తాతయ్య ఆయన్ని కొట్టాడు. మర్నాడే పిచ్చాసుపత్రి కారు వచ్చింది. పదేళ్ళ డిలియా గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"ఆయనకి నిజంగా పిచ్చి ఉందా?" అని అడిగాను.

"ఏడ్చేవాడు. మగాడు అంతగా ఏడిస్తే పిచ్చనే అనేవాళ్ళు."

"పాదిరీ కోపం తగ్గాకైనా తీసుకురావచ్చుగా."

"ఎవరు తేవాలి? పంపించినావిడే మళ్ళీ వెళ్ళి అడగాలి. మా అమ్మ అడగలేదు." చాకు తుడిచి పళ్ళెం అంచున పెట్టింది. "పిచ్చాసుపత్రివాడి కూతుర్ని ఎవడు చేసుకుంటాడే? నాకు పెళ్ళయింది, టెస్సీకి పెళ్ళయింది. ఆ ఒక్క అబద్ధం లేకపోతే నువ్వెక్కడుండేదానివి? టీ చల్లారిపోతోంది, తాగు."

కప్పు పక్కన పెట్టేశాను. పెళ్ళికి ముందు అమ్మ అదే పట్నంలో బేకరీలో పనిచేసింది. ఆసుపత్రికి రొట్టెలు వెళ్ళేది ఆ బేకరీ నుంచే.

"అమ్మ రోజూ ఆ గోడ పక్కనుంచే సైకిలు మీద వెళ్ళేది, పెద్దమ్మా. ఆమె సర్దిన రొట్టెలే ఆయన తిన్నాడు."

"తిన్నాడుగా. ఆకలితో పోలేదు" అంది పెద్దమ్మ.

ఆసుపత్రి వెనక పొలంలో పూడ్చి ఉంటారని ఆఫీసులో చెప్పారు. వెళ్ళి చూశాను. గడ్డి, మూలన అందరికీ కలిపి ఒకే శిలువ. సగం పొలం ఇప్పుడు కార్లు నిలిపే జాగా. ఆయన ఆ సగంలో ఉన్నాడో ఈ సగంలో ఉన్నాడో చెప్పగలిగినవాళ్ళు లేరు.

సమాధి రాయైనా సరిచేయిద్దామని పెద్దమ్మ కొడుకు ఫింటన్‌ను అడిగాను. తల్లి బతికుండగా ఆ మాట ఎత్తొద్దన్నాడు. ఫిబ్రవరిలో పెద్దమ్మ పోయింది, ఆమెనూ అమ్మమ్మ సమాధిలోనే పూడ్చారు. మళ్ళీ అడిగితే, తల్లి పడుకున్న చోట ఆ మాట ఎలా చెక్కిస్తామని మండిపడ్డాడు. రాయి అలాగే ఉండిపోయింది. ఫింటన్, నేను ఇప్పుడు మాట్లాడుకోవడం లేదు.

పెద్దమ్మను పూడ్చిన రోజు పూజలో పాదిరీ, "తండ్రిని ఇంగ్లండులో పోగొట్టుకుని తల్లికి అండగా నిలిచిన బిడ్డ" అని పొగిడాడు. ఈయన కుర్రవాడు, తప్పు ఆయనది కాదు. ఇంటివాళ్ళు రాసిచ్చిందే చదివాడు. తరువాత ఆనవాయితీ ప్రకారం అందరం పబ్బులో సూపుకు కూర్చున్నాం. పక్కింటి ముసలాయన పాచీ కుసాక్ నా పక్కన చేరి, మీ తాత పాపం ఎంత చిన్న వయసులో పోయాడో అన్నాడు.

ఇక ఊరుకోలేకపోయాను. "ఇంగ్లండులో పోలేదు, పాచీ బాబాయ్. పట్నం పిచ్చాసుపత్రిలో పోయాడు. ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే ఉన్నాడు."

గదిలో అందరికీ వినిపించాలనే గట్టిగా అన్నాను. చెంచాలు ఆగలేదు. పాచీ సూపు గిన్నెలోకి చూస్తూ తల ఊపాడు.

"తెలుసమ్మా. ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ పెట్టెను మళ్ళీ దిబ్బకు మోసుకెళ్ళింది మా నాన్నే."

"మరి మా అమ్మకు?"

"టెస్సీ ముందు ఎవరం ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు." రొట్టె ముక్క సూపులో ముంచుకుంటూ అన్నాడు, "తనూ ఎవర్నీ అడిగింది లేదు."

బల్లల చుట్టూ చూశాను. చిన్నప్పుడు నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నవాళ్ళు. అమ్మ జబ్బు పడితే నెలల తరబడి ఇంటికి వంట పంపినవాళ్ళు. ఆమె శవపేటిక మోసినవాళ్ళు. వాళ్ళలో ఎవరో లేచి వచ్చి, నా కప్పులో వేడి టీ పోసి, పాలు కలపాలా అని అడిగారు.