స్టూలుకు కట్టిన కంకణం

పేరు పిలిచినప్పుడల్లా ఉడతకు గుండె గొంతులోకి వచ్చి కూర్చుంటోంది. పిలిచింది తన పేరు కాదని తెలిశాక కూడా అది ఒక పట్టాన కిందికి దిగడం లేదు.

పెద్దబడి వరండాలో పొడుగాటి బెంచీ. పొద్దున దాని మీద అయిదుగురు పిల్లలు కూర్చున్నారు. ఎదురుగా మూసిన తలుపు. ఆ తలుపులోంచి లోపలికి వెళ్లినవాళ్లను మళ్లీ ఇటు రానివ్వడం లేదు, వెనక గుమ్మంలోంచి పంపేస్తున్నారు. అందువల్ల లోపల ఏమడుగుతున్నారో, వెళ్లినవాళ్లు నవ్వుతూ పోయారో ఏడుస్తూ పోయారో బెంచీ మీదివాళ్లకు అంతు చిక్కడం లేదు. ఇప్పటికి ఇద్దరు వెళ్లారు. ఇక ఉడత వంతు. ఆమె పక్కన గడియారాలు బాగుచేసే ఆయన కూతురు, ఆ పక్కన ఇంకో పిల్ల.

ఉడత అన్నది వాళ్ల బాబాయి పెట్టిన పేరు. ఉడత గింజ దాచుకున్నట్టు ఈ పిల్ల ఎక్కడ కొత్త మాట కనపడినా బుగ్గన వేసుకుని దాచేస్తుంది. మందు డబ్బా మీద మాట, టైర్ల షాపు బోర్డు మీద మాట, కోర్టు నోటీసు మీద మాట, ఏదైనా సరే. ఆమె చదివిన బడిలో పుస్తకాల బీరువా ఒక్కటే ఉండేది, దాని తాళంచెవి ఎప్పుడో పోయింది. అద్దంలోంచి అట్టలు చూడటమే తప్ప ఒక్క పుస్తకం చేతికి రాలేదు. ఈ పెద్దబడిలో నిచ్చెన వేసుకుని అందుకునేంత ఎత్తు అలమరలు ఉన్నాయట. ఆ సంగతి విన్న రోజు నుంచీ పిల్లకు ఆ నిచ్చెన తప్ప మరో ధ్యాస లేదు. చేరాలంటే వ్యాసం రాసి నెగ్గాలి. రాసింది. వారం తిరక్కుండా ఇదిగో, ఈ పిలుపు. మీ వ్యాసాల మీద అనుమానం ఉంది, వచ్చి జవాబు చెప్పండి అని. కాపీ అని తేలితే ఈ ఏడే కాదు, మరెప్పుడూ ఆ పరీక్ష గడప తొక్కనివ్వరు.

మెట్ల దగ్గర ట్యూషన్ మాస్టారు నిలబడి చేతిరుమాలు పిండుతున్నాడు. అందులో నీళ్లేం లేవు పాపం, ఊరికే పిండుతున్నాడు. ఆయన్ని పిల్లలంతా ముగింపు మాస్టారు అంటారు. మొదలు ఎలా ఏడ్చినా ముగింపు ఘనంగా ఉంటే మార్కులు వాటంతటవే వస్తాయని ఆయన నమ్మకం. అందుకని ఏ వ్యాసానికైనా అతికేలా ఒకే ఒక్క ముగింపు తయారుచేసి అందరి చేతా బట్టీ పట్టించాడు. "ఈ విధంగా సమాజ శ్రేయస్సుకు, జాతి ప్రగతికి మనమందరం కంకణబద్ధులమై కృషి చేయాలి." పొదుపు గురించి రాసినా అదే, వానల గురించి రాసినా అదే. ఏళ్ల తరబడి ఆ తోక ఎన్ని వ్యాసాలకు తగిలించినా ఎవరూ పట్టించుకోలేదు. ఈసారి వచ్చిన విషయం 'మా ఇంట్లో ఒక వస్తువు'. ఒకడు ఫ్యాను గురించి రాశాడు, ఒకడు అద్దం గురించి, గడియారాలాయన కూతురు నీళ్ల బిందె గురించి. ఫ్యానూ అద్దమూ బిందే అన్నీ కలిసి జాతి ప్రగతికి కంకణం కట్టుకునేసరికి దిద్దేవాళ్లకు నవ్వు వచ్చిందో ఒళ్లు మండిందో, అందరినీ లాక్కొచ్చి ఈ బెంచీ మీద కూర్చోబెట్టారు.

పొద్దున మాస్టారు పిల్లలందరికీ ఒకే మాట చెప్పాడు. ముగింపు మీ సొంతమనే చెప్పండి, ఎవరి బుర్రలో వాళ్లకు పుట్టిందనండి అన్నాడు. ఉడతను మాత్రం వేరుగా పక్కకు పిలిచాడు. ఆ పిల్ల నోరు ఎటు పోతుందో ఆయనకు తెలుసు మరి.

"నువ్వొక్కదానివి నిజం చెప్పి ఒడ్డున పడదామనుకోకు తల్లీ," అన్నాడు. "మిగతావాళ్లు మునుగుతారు. నేనూ మునుగుతాను."



తలుపు తెరుచుకుంది. ఈసారి పిలిచింది ఆమెనే.

లోపల బల్లకు అటుపక్క ఇద్దరు. ఒకావిడ పెద్ద మేడం, కళ్లజోడు దారానికి కట్టి మెడలో వేలాడేసుకుంది. పక్కన బట్టతల సారు. ఆయన చేతిలో ఎర్ర పెన్సిలు, ముందు ఉడత రాసిన కాగితాలు. దూరం నుంచే కనపడుతోంది, కాగితం నిండా ఎర్ర సున్నాలు. చిట్లిన గాజుల్లా ఉన్నాయి ఆమె కంటికి.

ఆ సున్నాలు తప్పులకు చుట్టినవి కావు, మాటలకు చుట్టినవి. అస్థిరం. సమతౌల్యం. ఉపశమనం. నిర్లిప్తత. సారు ఒక్కొక్కటీ పెన్సిలు మొనతో పొడుస్తూ, నీ వయసు పిల్లలు రాసే మాటలు కావివి, ఎవరు పక్కన కూర్చుని చెప్పారు అని అడిగాడు. కోపంగా అడిగినా బాగుండేది. ఆయన నింపాదిగా అడిగాడు, అదే భయమేసింది.

ఎవరూ చెప్పలేదని ఉడత అంది. అయితే సమతౌల్యమంటే అర్థం చెప్పమన్నాడు. ఎప్పుడూ నోట్లో ఆడే మాటే, ఆ క్షణాన మాత్రం అర్థం చెల్లాచెదురైపోయింది. సారు మేడం వైపు చూశాడు. చూశారుగా అన్నట్టుంది ఆ చూపు. పెన్సిలు కాగితం అడుగున, సంతకం పెట్టే చోటికి జరిగింది.

"అర్థం వద్దులే," అంది మేడం. "ఈ మాట నీకెక్కడ దొరికింది?"

అలా అడిగితే చెప్పడానికి ఏముంది, బోలెడంత ఉంది.

వాళ్లింట్లో పళ్లెం మాట అని ఒక ఆచారం ఉంది. పుట్టింది గొడవలోంచే. నాన్న బస్సు నడిపి వస్తాడు, అమ్మ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికి వస్తుంది, బాబాయి ఏ పనీ చేయకుండానే అలిసిపోయి వస్తాడు. తిన్నాక గిన్నెలు ఎవరు కడగాలన్నది రోజూ తగువే. ఒకరోజు అమ్మకు విసుగొచ్చి కొత్త షరతు పెట్టింది. రోజుకొకరు ఒక మాట తెచ్చి పళ్లెం ముందు పెట్టాలి. పళ్లెం ఖాళీ అయ్యేలోగా మిగతావాళ్లు ఆ మాటను సంభాషణలో వాడాలి. వాడలేనివాడు గిన్నెలు కడగాలి. అబద్ధంలో వాడితే చెల్లదు. ఔదార్యం అన్న మాట వచ్చిన రోజు బాబాయి, నా ఔదార్యం ఊరంతా ఎరిగిందే అన్నాడు. అమ్మ తలెత్తకుండానే, చెల్లదు, లేచి పీచు అందుకో అంది.

ఇదంతా ఉడత మొదట తడబడుతూ, తర్వాత తడబడటం మరిచిపోయి చెప్పింది. సమతౌల్యం నాన్న తెచ్చాడు, టైర్ల షాపు బోర్డు మీద నుంచి. ఉపశమనం అమ్మ తెచ్చింది, ఆసుపత్రి మందు అట్ట మీద నుంచి. ఆ రోజే బాబాయికి పన్ను పీకారు. నోటి నిండా దూది. దవడ చూపించి ఉపశమనం అన్నట్టు ఏదో గొణిగాడు. అది మాట కిందికి వస్తుందా రాదా అని ఇంట్లో వాదన జరిగి, చివరికి జాలిపడి ఒప్పుకున్నారు. నిర్లిప్తత వచ్చిన రోజు గిన్నెలు తనే కడిగింది.

మేడం పెదవులు బిగించి కిటికీ వైపు చూసింది. నవ్వు ఆపుకుంటోందని ఉడతకు తెలియదు, కోపమొచ్చిందనుకుని మళ్లీ బిగుసుకుపోయింది.

సారు మాత్రం నవ్వలేదు. ఆఖరి పేజీ తిప్పాడు. అక్కడ సున్నా లేదు, వాక్యం మొత్తానికి ఒక పెద్ద పెట్టె గీసి ఉంది.

"మీ ఇంట్లో వస్తువు ఏమిటన్నావు?"

"స్టూలు సార్. ఒక కాలు పొట్టిది."

"ఆ పొట్టికాలి స్టూలుకు జాతి ప్రగతి కోసం కంకణం ఎవరు కట్టారమ్మా?"

ఉడతకు చెవులు వేడెక్కాయి. సారు పెన్సిలు బల్ల మీద పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"ఈ వాక్యం నీదేనా?"

అవునంటే సరిపోతుంది. మాటల సంగతి నమ్మినవాళ్లు ఇదీ నమ్ముతారేమో. కాదంటే తలుపు అవతల గడియారాలాయన కూతురు గోళ్లు కొరుక్కుంటూ కూర్చుని ఉంది, మెట్ల దగ్గర మాస్టారు పొడి రుమాలు పిండుతున్నాడు. ముందర వెళ్లిన ఇద్దరూ ఏం చెప్పారో తెలియదు. వాళ్లు తమదేనని చెప్పి ఉంటే, తన ఒక్క మాటతో వాళ్లు అబద్ధాలకోరులైపోతారు. నిచ్చెన కళ్ల ముందు కదిలింది. దాని మీద ఎవరో ఎక్కుతున్నారు గాని ఆ ఎక్కేది తనో కాదో కనపడటం లేదు. అవును అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. వచ్చింది గాని, అక్కడ అమ్మ తలెత్తకుండా కూర్చుని ఉంది.

"అది మా ఇంట్లో చెల్లదు సార్," అంది ఉడత. "దానికి నేను గిన్నెలు కడగాలి."

సారు ముందుకు వంగాడు. "అంటే నీది కాదన్నమాట. మరి మిగతా నలుగురిదీ?"

"నా కాగితం గురించి అడగండి సార్, చెప్తాను. వాళ్ల కాగితాలు నేను చూడలేదు."

సారు ఇంకా ఏదో అడగబోతే మేడం చేయి అడ్డం పెట్టింది. ఆ ఆఖరి వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, కాగితం ఉడత వైపు తిప్పి, కలం ఇచ్చింది. ముగింపు ఇక్కడే కూర్చుని రాయి, అంది.

ఉడత కలం పట్టుకుంది. బుగ్గల్లో దాచుకున్న మాటల కోసం వెతుక్కుంది. ఒక్కటీ రాలేదు. గడియారం ముల్లు చప్పుడు చేస్తోంది. సారు తన ఎర్ర పెన్సిలుకు మొన చెక్కుకుంటున్నాడు. పెచ్చులు బల్ల మీద రాలుతున్నాయి. ఆమె కళ్లు మూసుకుని, మాటలు వెతకడం మాని, స్టూలును చూసింది. దాని మీద బాబాయి కూర్చున్నాడు. అమ్మ కూర్చుంది. నాన్న డ్యూటీ బూట్లు విప్పుతూ కూర్చున్నాడు. అందరి కాళ్లూ చూసింది. తర్వాత రాసింది.

మేడం కళ్లజోడు పెట్టుకుని పైకే చదివింది.

"ఇంటికి ఎవరైనా వస్తే మంచి కుర్చీ వాళ్లకిస్తాం. స్టూలు మాలో ఒకరికి వస్తుంది. దాని మీద కూర్చున్నవాళ్లు పడకుండా ఒక పాదం నేలకు అదిమి ఉంచాలి. ఆ స్టూలుకు నాలుగో కాలు మా ఇంట్లో ఎవరిదో ఒకరిది."

చదివాక కాగితం సారుకిచ్చింది. ఆయన చదివాడు. మళ్లీ చదివాడు. కొత్తగా మొన చెక్కిన పెన్సిలు ఒకసారి కాగితం దాకా పోయి, దేనికీ సున్నా చుట్టకుండా వెనక్కి వచ్చింది.

మేడం తలుపు దగ్గర నౌకరును పిలిచి, ముందు పంపిన ఇద్దరినీ వెనక్కి తీసుకురమ్మంది. బయట ఉన్నవాళ్లనూ లోపలికి పిలిచి తలా ఒక కాగితం ఇమ్మంది. ముగింపు కొట్టేసి ఎవరిది వాళ్లు మళ్లీ రాయాలి, రాసిందాన్ని బట్టే చూస్తాం అంది. ఉడత అప్పటికి గాలి పీల్చుకుంది. గుమ్మం దాటుతుండగా మేడం వెనక నుంచి అంది.

"ఇక్కడి స్టూళ్లన్నీ నాలుగు కాళ్లవే. అలవాటు చేసుకోవాలి మరి."

బయట నాన్న ఖాకీ చొక్కాతోనే నిలబడి ఉన్నాడు, పక్కన బాబాయి. ఉడత ఆ మాట చెప్తే ఆయనకు అర్థం కాలేదు. ఇక్కడి స్టూళ్ల గోల మనకెందుకు, సీటు సంగతేమిటి అన్నాడు. బాబాయే ఆమె నెత్తిన ఒక మొట్టికాయ వేసి, ఉడత ఇక ఈ చెట్టు మీదే అన్నాడు. వెళ్తూ వెళ్తూ మెట్ల దగ్గర ఉడత తలొంచుకుంది. మాస్టారు కిటికీ దగ్గరికి జరిగాడు. లోపల గడియారాలాయన కూతురు నీళ్ల బిందె గురించి రాస్తూ ఉంటే కిటికీలోంచి చూస్తున్నాడు. తన పిల్లలు సొంతంగా ఏం రాస్తారో ఆయన కూడా మొదటిసారి చూడబోతున్నాడు మరి.

ఆ పూట పళ్లెం ముందు మాట పెట్టే వంతు ఉడతది. కంకణబద్ధులు అని పెట్టింది. నాన్న ఆలోచించాడు. అమ్మ ఆలోచించింది. బాబాయి రెండుసార్లు నోరు తెరిచి, అమ్మ ముఖం చూసి మూసేశాడు. పళ్లేలు ఖాళీ అయ్యాయి. ఆ మాట అతికే నిజం ఒక్కరికీ దొరకలేదు.

గిన్నెలు నలుగురూ కలిసి కడిగారు.